తుమ్ము కూడా రాని దుమ్ము

కారం మరలో మూట విప్పగానే ముక్కు పసిగట్టేస్తుంది. తుమ్ములు, దగ్గు, కళ్లలో నీళ్లు... ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. శరీరమే చెబుతుంది. అదే మూటలో నానో పొడి ఉంటే? కన్ను చెమర్చదు, తుమ్ము రాదు. గాల్లో ఏమీ లేనట్టే ఉంటుంది. పీల్చినవాళ్లకు పీల్చిన సంగతే తెలియదు!

నానో సరుకు ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. ముఖం మీద తెల్లగా తేలని సన్‌స్క్రీన్‌ లోషన్లలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ నానో కణాలుంటాయి. చెమట కంపు కొట్టని సాక్సుల్లో వెండి నానో కణాలు. 2009లో వచ్చిన టాటా 'స్వచ్ఛ్' నీటి ఫిల్టరులో వడ్ల ఊక బూడిదకు పట్టించింది కూడా వాటినే. టెన్నిస్ రాకెట్లలో, ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల్లో కార్బన్ నానోట్యూబులు వాడుతున్నారు.

వాడేవాళ్లకు భయం తక్కువే. రాకెట్లోని నానోట్యూబు గట్టి జిగురులో బిగుసుకుపోయి ఉంటుంది. లోషన్లో ఉన్నది తడిలో ఉంటుంది. గాల్లోకి లేచే అవకాశం లేదు. మరి అది పొడిగా ఉన్నప్పుడే తూచి, కలిపి, సంచుల్లో నింపేవాళ్ల సంగతి?

చక్కెర బిళ్ల... ఎకరంన్నర!

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు. తల వెంట్రుక మందమే సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండేవాటిని నానో కణాలంటారు.

అంత చిన్నదైతే ఏమవుతుంది? సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చక్కెర బిళ్లలాంటి ముక్కను తీసుకోండి. ఆరు వైపులా కలిపితే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక్కో నానోమీటరు ముక్కలుగా కోస్తే? మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది. అంటే దాదాపు ఎకరంన్నర. పదార్థం అదే, బరువూ అదే. కానీ రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీదే కాబట్టి దాని చురుకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వెండి కొంచెమే వాడినా సూక్ష్మజీవులు చచ్చేది అందుకే. ఆ చురుకే ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరితే ఇబ్బంది.

ఆకారమూ ముఖ్యమే. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు కార్బన్ నానోట్యూబులను ఎలుకల పొట్టలోకి ఎక్కించి చూశారు. పొడవుగా, సూదుల్లా ఉన్నవి ఆస్‌బెస్టాస్ నారల మాదిరిగానే వాపు పుట్టించాయి. పొట్టివీ, ఉండచుట్టుకున్నవీ అలా చేయలేదు. శరీరంలో చెత్తను మింగేసే కణాలుంటాయి. తమకన్నా పొడవైన సూదిని అవి మింగలేవు, వదల్లేవు. ఆ పెనుగులాటలో చుట్టుపక్కల కణజాలం దెబ్బతింటుంది. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం నానోట్యూబును 'మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న' జాబితాలో చేర్చింది. మిగతా రకాల మీద తీర్పు చెప్పేందుకు ఆధారాలు చాలవంది.

కిటికీ లేని గది

మనుషుల మీద ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ చర్చ జరిగింది చైనా ఉదంతం మీద. 2009లో ఓ యూరోపియన్ వైద్య పత్రికలో అది అచ్చయింది. ఓ చిన్న కార్ఖానాలో ఏడుగురు మహిళలు పాలిస్టిరీన్ బోర్డుల మీద ఓ రకం పూత కొట్టేవారు. గదికి కిటికీల్లేవు, ఉన్నది ఒక్క తలుపే. గాలిని బయటికి తోసే యంత్రం పాడై నెలలు గడిచింది. ముక్కుకి నూలుగుడ్డ మాస్కు, అదీ అప్పుడప్పుడూ. ఏడుగురికీ ఆయాసం వచ్చింది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. ఇద్దరు చనిపోయారు. వాళ్ల ఊపిరితిత్తుల్లో సుమారు 30 నానోమీటర్ల కణాలు కనిపించాయి.

అయితే తప్పంతా నానో కణాలదే అనడానికి లేదని చాలామంది నిపుణులు వాదించారు. పూతలోని రసాయనాల ఆవిర్లు కూడా కారణం కావచ్చన్నారు. ఆ వాదన ఎటు తేలినా ఒక్కటి మాత్రం నిజం. కిటికీ ఉండి, ఆ యంత్రం పనిచేస్తూ ఉంటే కథ వేరేగా ఉండేది.

తడిగుడ్డే మందు

అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 2013లో ఓ పరిమితి సూచించింది. ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 1 మైక్రోగ్రాము నానోట్యూబులు మించకూడదంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదికి లెక్కేస్తే మొత్తం 28 మైక్రోగ్రాములు. ఓ ఉప్పు రవ్వ బరువులో సగం కూడా ఉండదు!

అంత తక్కువలో ఉంచడం సాధ్యమేనా? సాధ్యమే. అందుకు చెప్పే జాగ్రత్తలు సాదాసీదావే. పొడిని వీలైనంతవరకు ద్రవంలో కలిపే తెప్పించుకోవాలి. తూయడం, కలపడం మూసి ఉన్న పెట్టెలో, గాలిని లోపలికి లాగే చోట చేయాలి. కిందపడితే చీపురు పట్టకూడదు, గాలిగొట్టంతో ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి. మాస్కు వంతు వీటన్నిటి తర్వాతే. కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కు నానో కణాలను చాలావరకు ఆపుతుంది. చిక్కల్లా ముఖానికీ మాస్కుకీ మధ్య మిగిలే సందుతోనే.

పని బట్టలు పనిచోటే విడిచి రావాలి. ఆస్‌బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన పాపానికి వాళ్ల ఇల్లాళ్లకూ క్యాన్సర్ వచ్చిన సంగతి వైద్య చరిత్రలో ఉంది.

గడప దాటితే...

కణాలు కార్ఖానాతో ఆగవు. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వెండి సాక్సులను నీళ్లలో జాడించి చూశారు. కొన్ని రకాలు నాలుగు ఉతుకుల్లోనే దాదాపు వెండి అంతా వదిలేశాయి. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో, కొత్తగా రంగు వేసిన గోడల మీంచి కారిన వాన నీటిలో టైటానియం డయాక్సైడ్ నానో కణాలు దొరికాయి. వెండిలో చాలా భాగం మురుగునీటిలోని గంధకంతో కలిసి అంతగా హాని చేయని రూపంలోకి మారిపోతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అది కొంత ఊరట. కానీ మురుగు శుద్ధి కేంద్రాలే లేని ఊళ్లలో ఆ నీరు నేరుగా చెరువుకే చేరుతుంది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2007లో నానో మిషన్ ప్రారంభించింది. ప్రయోగశాలలు, పరిశ్రమల్లో జాగ్రత్తల మీద మార్గదర్శకాలున్నాయి. నానో ఎరువులు, ఆహార ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో చెబుతూ 2020లో మరికొన్ని వచ్చాయి. మరుసటి ఏడాదే నానో యూరియా సీసాలు రైతుల చేతికొచ్చాయి. అయితే మార్గదర్శకం అంటే సలహా. పాటించకపోతే జరిమానా వేసే చట్టం కాదు.

అందుకే ఇంట్లో ఎవరైనా రంగులు, పూతలు, బ్యాటరీలు, ప్లాస్టిక్ తయారుచేసే చోట పనిచేస్తుంటే ఈ నాలుగూ అడిగి చూడాలి. పొడి డబ్బా మీద 'నానో' అని ఉందా? దాని భద్రతా పత్రం ఎవరైనా చదివి వినిపించారా? గాలి లాగే యంత్రం పనిచేస్తోందా? బట్టలు మార్చుకునే గది ఉందా?

ఆస్‌బెస్టాస్ దుమ్ము ప్రమాదకరమని బ్రిటన్‌లో లూసీ డీన్ అనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ 1898లోనే నివేదికలో రాశారు. ఆ నారలు గాజుముక్కల్లా పదునుగా ఉన్నాయన్నారు. అక్కడ ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. మధ్యలో నూటొక్క సంవత్సరాలు, వేలాది ప్రాణాలు. కార్బన్ నానోట్యూబుల గురించి జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా ప్రపంచానికి చాటింది 1991లో. ఎడిన్‌బరో హెచ్చరిక వచ్చింది 2008లో. ఈసారి హెచ్చరిక పదిహేడేళ్లకే వచ్చింది. తడిగుడ్డ పట్టడానికి ఇంకో ఎనభై ఏళ్లు ఆగాల్సిన పనిలేదు.