కిందికి పోతున్నావు కదా, మాక్కూడా తెచ్చిపెట్టు

క్యాంపస్‌లోని ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి రోజూ వినే మాట ఇది. ఒంటిగంటకి తలా ఒకటి చెబుతారు. ఇద్దరికి పెరుగన్నం, ఒకరికి చపాతీ, సార్‌కి బిర్యానీ. ఇదివరకు తార్నాక చౌరస్తా దాకా పోయి పొట్లాలు మోసుకొచ్చేది. ఇప్పుడు ఫోన్‌లోనే ఆర్డరు, అదీ ఆమె ఫోన్ నుంచే. చాకిరీ మాత్రం తగ్గలేదు. తెచ్చిన కుర్రాడికి డిపార్ట్‌మెంటు దొరకక గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు. మే నెల ఎండలో అక్కడిదాకా నడిచేది ఆమే. డబ్బులా? "రేపిస్తాలే." అడిగితే చిన్నతనం, అడక్కపోతే తన జీతానికే చిల్లు. అందరికీ పంచి తన డబ్బా తెరిచేసరికి రెండవుతుంది.

"ఇంత చిన్న విషయానికి కూడా హక్కులా? కలిసి పనిచేసేవాళ్లం, ఆమాత్రం సాయం చేసుకోమా?" అంటారు. సాయమే అయితే వంతులేవి? సార్ ఏనాడైనా గేటు దాకా వెళ్లారా? పక్క సీటు కుర్రాడిదీ కాంట్రాక్టే, అతన్నెందుకు అడగరు? తన కాంట్రాక్టు పొడిగించాలో వద్దో రాసే మనిషి అడిగితే ఆమె కాదనగలదా? కాదనే వీలు లేనిచోట అడగడమంటే ఆజ్ఞాపించడమే. చివర "ప్లీజ్" తగిలిస్తే అది మర్యాద అయిపోదు.

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. ఇంట్లో అందరికీ అన్నం పెట్టి వచ్చిన మనిషి ఆఫీసులోనూ అదే పని చేయాలన్నమాట. 1977లో షికాగోలో ఐరిస్ రివెరా అనే లీగల్ సెక్రటరీని ఆఫీసులో కాఫీ కాచనన్నందుకు ఉద్యోగంలోంచి తీసేశారు. ఉద్యోగినులు ఊరుకోలేదు, నిరసనకు దిగారు. ఆమె ఉద్యోగం ఆమెకు తిరిగొచ్చింది.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. "మేడమ్" అయ్యాక మనమూ అదే అమ్మాయిని పంపిస్తున్నాం. ఇంకో మాట. అదే ఆఫీసు ఊడ్చే ఆమెను మాత్రం అన్నం తెమ్మని ఎవరూ అనరు. అది దయ అనుకునేరు! ఆమె కులం తెలుసు కనుక, ఆమె చేతి అన్నం మనకు సయించదు. ఒకరిని ఆడదని పంపుతాం, ఇంకొకరిని అంటరానిదని ఆపుతాం. రెండింటికీ మనం పెట్టుకున్న పేరు ఆఫీసు మర్యాద.

కనుక ఎవరి తిండి వాళ్లే తెచ్చుకుందాం. కలిపి తెప్పించుకుంటే డబ్బు ముందే ఇద్దాం. వంతుల జాబితా గోడకి అంటిద్దాం, అందులో మొదటి పేరు పెద్ద సార్‌ది. కాంట్రాక్టు కాగితాల మీద సంతకం పెట్టేవాళ్లు కింది ఉద్యోగులకు సొంత పనులు చెప్పకూడదు. ఊడ్చే ఆమెకి మన బల్ల దగ్గర కుర్చీ ఉండాలి.

ఆ జాబితా అంటించిన రోజు ఎవరెవరి ముఖాలు మాడతాయో చూడండి. ఇది చిన్న విషయం కాదని ఆ రోజు వాళ్లే ఒప్పుకుంటారు.