నార్వేవారి పండుగ, కొండదారి



పరిగి, హిందూపురము ప్రాంతముల బిడ్డలు ఉద్యోగములకై ఖండాంతరములకు పోవుట నేడు వింత గాదు. అట్లు నార్వే చేరిన బిడ్డను చూడబోవు తల్లి, మే నెల 17వ తేదీన ఊరంతయు జెండాలతో నిండుట చూచి, “ఇది వారి పండుగ గదా, నేను వీధిలోనికి పోవచ్చునా? ఏమి కట్టుకొందును?” అని సంకోచించును. నిశ్చింతగా పోవచ్చును.

1814లో ఆ తేదీన ఐడ్స్‌వోల్ అను చోట ప్రతినిధులు తమ రాజ్యాంగమునకు సంతకములు చేసిరి. నాలుగు వందల యేండ్లకు పైగా డెన్మార్కు రాజులకు లోబడియుండిన ఆ దేశము, ఆ యేడే స్వీడను రాజుతో ముడివడవలసి వచ్చి, 1905లో గాని వేరుపడలేదు. అయినను నాటి ముఖ్యోత్సవము సైనికుల కవాతు గాదు, బడిపిల్లల ఊరేగింపు. రాజధానిలో నిది 1870లో ఆరంభమైనది. బాలికలకు మాత్రము 1889లో గాని అందు చోటు దొరకలేదు. పందొమ్మిదేండ్లు! ఆడపిల్లను వెనుక నిలుపుట మన దేశపు వాడుక మాత్రమే గాదన్నమాట.

అక్కడి స్త్రీలు ఆనాడు “బూనాద్” అను ఉడుపు ధరింతురు. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క రంగు, కుట్టుపని, వెండి సొమ్ములు. మనము పెండ్లినాటి ధర్మవరపు చీరను పెట్టెలో దాచుకొనునట్లే దానిని ఆజన్మాంతము దాచుకొందురు. కావున మన తల్లి ఆ ధర్మవరపు చీరనే కట్టుకొని పోవుట నాకు సమంజసముగ తోచుచున్నది. ఎదురైనవారు “గ్రాతులేరెర్ మె దాగెన్”, అనగా ఈ దినమునకు అభినందనము, అందురు. తిరిగి అదే యనవలెను.

అందరి మనస్సును ఒకటే యనను. పాకిస్తానులో జన్మించిన రుబీనా రాణా 1999లో ఓస్లో నగరపు పండుగ సంఘమునకు అధ్యక్షురాలైనప్పుడు చంపెదమను బెదిరింపులు వచ్చినవి. ఆమె వెనుదీయక ఊరేగింపునకు ముందు నడచెను. పరదేశపు స్త్రీకి ఆ వీధిలో చోటున్నదా యను ప్రశ్నకు ఇంతకంటె జవాబేమి కావలయును?

పండుగ మరునాడు పిల్లలు కొండకు పోదమందురు. 1957 నాటి చట్టముచొప్పున, సాగులో లేని భూమి ఎవరిదైనను, స్వదేశి పరదేశి భేదము లేక ఎల్లరును నడువవచ్చును. గుడారము వేసికొన్నచో జనులున్న యింటికి 150 మీటర్ల దూరముండవలెను. పెనుకొండ యెక్కునప్పుడు మనకు ఎండ భయము. అక్కడ మే నెలలోను ఎత్తుకొండలపై మంచు కరగదు గనుక ఉన్నిబట్టలు, గట్టి బూట్లు విడువరాదు. ప్రీకెస్తూలెన్ అను బండ నీటిపై 604 మీటర్ల ఎత్తున నున్నది, అంచున కటకటాలు లేవు. పోవుదారి ముందుగా ఇంట చెప్పవలెననియు, వేళకు వెనుకకు మరలుట సిగ్గు గాదనియు ఆ దేశపు కొండనియమములలో నున్నవి. మోకాళ్ల నొప్పిగల అత్తగారు సగము దారిలో కూర్చుండినచో ఎవరును నవ్వరు.

అక్కడివారు రొట్టెముక్కలు కాగితమున చుట్టి తెచ్చుకొందురు. మీరు చిత్రాన్నము కట్టుకొని పొండు. చలికి గట్టిపడును గాన నూనె కొంచెము ఎక్కువ వేయుడు.