మందు తగ్గితే నొప్పి అబద్ధమా?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాతపుస్తకాలు చూసి నాంపల్లి స్టేషన్ దాకా నడిచేసరికి ఒళ్లంతా సలిపింది. లూపస్‌కి ఏళ్లుగా మింగుతున్న ప్రెడ్నిసొలోన్‌ని డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. "ముఖం వాపు తగ్గిందిగా, ఇంకేం నొప్పులు?" అంటారు ఇంట్లో.

బయటి హార్మోనుకి అలవాటుపడి మందగించిన అడ్రినల్ గ్రంథులు తేరుకోవడానికి నెలలు పట్టొచ్చు. హఠాత్తుగా మానేస్తే ప్రాణానికే ముప్పు. ఇది మందు తగ్గిన నొప్పా, జబ్బు తిరగబెట్టిందా? రక్తపరీక్షలతో పాటు నా మాటా వింటేనే తేలేది. లూపస్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. స్త్రీ మాట వినడమే కదా ఈ సమాజానికి చేతకానిది!

1948లో కీళ్లవాతానికి కార్టిజోన్ తొలిసారి ఇచ్చింది ఒక స్త్రీకే. 1950లో నోబెల్ ముగ్గురు మగవాళ్లకి. ఓర్పు ఆభరణమట! నాకొద్దు. వేణ్నీళ్ల కాపడం, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం, మోతాదూ నొప్పీ రాసుకునే నోటుబుక్కు చాలు. ఆ రాతని సణుగుడనకండి, సాక్ష్యంగా చదవండి.