పాత సీపీయూని కబాడీకి వేసే ముందు ఒక్క మాట



పిల్లలు ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుని మన జమానా గేములు ఆడుతుంటే, వక్త్ జాయా చేస్తున్నారని కోప్పడతాం. నా రాయ్ వేరే. ఆ పిల్లలు ఆటలో నేర్చుకుంటున్న హునర్ ఇవ్వాళ మన ఖాందాన్లకు చాలా జరూరీ. మన పెద్దలు ఇరవై, పాతికేళ్ల కింద కంప్యూటర్‌లో రాయించిన రాతలు చాలావరకు ఇప్పటి మెషీన్లలో సరిగ్గా తెరుచుకోవు. ఆ తాళం తీయడం వాళ్లకే తెలుసు.

ఎమ్యులేటర్ అంటే ఏమిటో సాదాగా చెప్తాను. అదొక తర్జుమాన్. పాత ప్రోగ్రాంకి పాత ప్రాసెసర్ బోలీ ఒక్కటే వస్తుంది. ఎమ్యులేటర్ మధ్యలో కూర్చుని, కొత్త కంప్యూటర్‌కి ఆ మాటల్ని తర్జుమా చేసి చెప్తుంది. ప్రోగ్రాం మాత్రం తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ డాస్ కాలం నాటి పీసీని ఇలాగే నకలు చేస్తుంది. ముఫ్త్‌గా దొరుకుతుంది. దీనికి చుట్టమే వర్చువల్‌బాక్స్. అది మన ప్రాసెసర్‌నే వాడుకుంటూ, ఒక కిటికీలో విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్‌ని నడిపిస్తుంది. ఇదంతా ఎందుకంటారా? విండోస్ 11 అనేది 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాంలు దాని మీద నేరుగా నడవవు.

గేముల వాళ్లు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించారు. వజీర్ జాఫర్ ఖైదు నుంచి షహజాదీని అరవై నిమిషాల్లో విడిపించే ప్రిన్స్ ఆఫ్ పర్షియా గుర్తుందా? కంప్యూటర్ క్లాసుకని వెళ్లి అదే ఆడొచ్చినవాళ్లు మనలో ఎంతమందో! 1989లో దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ దగ్గరే దాని అసలు కోడ్ కనబడకుండా పోయింది. 2012లో వాళ్ల నాన్నకు ఇంట్లో ఒక డబ్బాలో ఆ ఫ్లాపీలు దొరికాయి. పాత కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లు వచ్చి అందులోని కోడ్‌ని జాగ్రత్తగా బయటికి తీశారు. ఇక 2015లో ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండు వేలకు పైగా డాస్ గేముల్ని బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది. ఒక ఆట కోసం దునియా ఇంత మెహనత్ చేసింది. మరి మన రాతల కోసం మనం ఏం చేశాం?

మన రాతల హాల్ చూడండి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే జాగా దొరికింది. కానీ మన డీటీపీ షాపుల్లో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్లదే రాజ్యం. ఆ ఫాంట్లలో మనకు తెలుగు అక్షరంగా కనబడేది కంప్యూటర్ లెక్కలో ఏదో ఇంగ్లీషు గుర్తు. ఫాంట్ లేకుండా ఫైల్ తెరిస్తే నికాహ్ కార్డు కూడా పిచ్చిగీతల్లా కనబడుతుంది. ఉర్దూ కథ ఇంకా పెద్దది. మీర్జా అహ్మద్ జమీల్ సాహెబ్ వేల కొద్దీ అక్షరాల జోడింపులు తయారుచేస్తే నూరీ నస్తాలీఖ్ పుట్టింది. 1981లో పాకిస్తాన్‌లోని జంగ్ అఖ్బార్ దానితో అచ్చయింది. 1994లో మన దేశపు కంపెనీ కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ తెచ్చాక, కాతిబ్ కలంతో చేసే పని కంప్యూటర్ మీదికి వచ్చింది. మనకు దగ్గర్లోనే చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రిక ఉంది. కాతిబ్‌లు చేత్తో రాసిన దాని పాత సంచికలు చదవాలంటే కళ్లుంటే చాలు. 2000లో టైప్ చేసిన ఫైల్ చదవాలంటే దాని సాఫ్ట్‌వేర్, దాని ఫాంట్, దాని విండోస్, మూడూ కావాలి.

మా ఇంటి సంగతే చెప్తాను. మాది ఐరాల. మా చచాజాన్ ఊరూరా తిరిగి, పెద్దలందర్నీ అడిగి, మా ఖాందాన్ శజ్రా రాశారు. దాన్ని చిత్తూరులో ఒక డీటీపీ షాపులో తెలుగులో కొట్టించారు. అచ్చుకాపీని చెదలు తినేసింది. సీడీ మిగిలింది గానీ ఏ ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకోలేదు. షాపు మూతపడి, సీపీయూలన్నీ కబాడీకి పోయాయి. షాపు సాహెబ్ మాత్రం తాను కొన్న పేజ్‌మేకర్, ఫాంట్ల సీడీలు బీరువాలో ఉంచారు. అడిగితే ఇచ్చేశారు. మా భాంజా వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ ఎక్కించి, ఒక ఆదివారమంతా కూర్చుని ఆ ఫైల్ తెరిచాడు. అందులో మా దాదీ వాళ్ల అక్కచెల్లెళ్ల పేర్లున్నాయి. ఆ ఆడవాళ్ల పేర్లు ఏ పట్టాలోనూ, ఏ రేషన్ కార్డులోనూ లేవు. మా అమ్మీ ఒక్కో పేరూ చదివించుకుని విన్నది.

కొందరు అడుగుతారు, పాత సాఫ్ట్‌వేర్ నకలు చేసుకోవడం జాయిజేనా అని. సవాల్ సరైనదే. పరాయి మెహనత్‌ని దొంగిలించడం ఆటకైనా, పనికైనా తప్పే. అయితే మన దేశపు 1957 కాపీరైట్ చట్టం, 52వ సెక్షన్‌లో, ప్రోగ్రాంని సక్రమంగా పొందినవాడు అది పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని ఇజాజత్ ఇచ్చింది. కాబట్టి కొన్న సీడీని, దాని సీరియల్ నంబర్‌ని అమానత్‌లా దాచండి. ఇంకొకటి, ఆ రోజుల్లో ఖరీదైన డీటీపీ సాఫ్ట్‌వేర్‌లు కొన్నిటికి కంప్యూటర్ వెనకాల తగిలించే డాంగిల్ ఉండేది. మామూలు ఎమ్యులేటర్ దాన్ని పుట్టించలేదు. అది పారేస్తే సీడీ ఉన్నా ఫాయిదా లేదు.

అందుకే నా గుజారిష్. పాత సీపీయూ అమ్మేముందు హార్డ్ డిస్క్ విప్పి పక్కన పెట్టండి. ఫ్లాపీలు, సీడీలు, డాంగిళ్లు ఒక డబ్బాలో వేసి పైన పేరు రాయండి. ఫైల్ తెరుచుకున్న రోజే మూడు పనులు చేయండి: ఒక పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన ఒక కాపీ, కాగితం మీద ఒక ప్రింట్. ఎమ్యులేటర్ తలుపు తీస్తుంది, అంతే. లోపలి సామాన్ బయటికి తెచ్చుకోవడం మన పని. మసీదు కమిటీల్లో, మదరసాల్లో ఉన్న భాయీలకు కూడా ఇదే చెప్తున్నా. చందా లెక్కలు, సనద్‌లు, జల్సా సావనీర్లు ఆ పాత డిస్కుల్లోనే ఉంటాయి.

ఈ సెలవుల్లో పిల్లల్ని గేము ఆపమని కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో ఆ పాత సీడీ పెట్టి, ‘బేటా, దీన్ని తెరువు చూద్దాం’ అనండి. ఆ షాపు సాహెబ్‌లాంటి వాళ్లు హయాత్‌తో ఉండగానే అడగండి. వాళ్ల బీరువాలు కూడా ఎప్పటికీ అలాగే ఉండవు.