కూలి భారం ఎవరిది?

తుఫాను వచ్చి పొలం పనులు ఆగిపోయిన రోజుల్లో తోటపల్లి గూడూరు తీరాన కూలీ కుటుంబం ఆశగా చూసేది ఉపాధి హామీ పనివైపే. 2005 నాటి చట్టం ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా ఇచ్చింది. నైపుణ్యం అవసరం లేని పనికి కూలి మొత్తాన్నీ కేంద్రమే భరించేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచింది. కాని మన రాష్ట్రం వంటివాటిపై 40 శాతం వ్యయం మోపింది. కేంద్రం నిర్ణయించిన కేటాయింపు దాటితే, ఆపై ఖర్చంతా రాష్ట్రానిదే.

పేదవాని అవసరం దగ్గరివారికే బాగా తెలుస్తుంది. దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ, అక్కడి ధనికుల జకాత్‌ను అక్కడి పేదలకే పంచమన్నారు. అయితే మదీనాను కరవు చుట్టుముట్టినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఈజిప్టు నుండి ధాన్యం తెప్పించారు. అంటే పంపిణీ స్థానికంగా జరగాలి, ఆపదలో భారాన్ని అందరూ మోయాలి. తుఫాను ఏడాదిలో పని అడిగేవారు పెరుగుతారు, రాష్ట్ర ఖజానా మాత్రం పెరగదు. అప్పుడు కేంద్రం చేయి వెనక్కి తీసుకుంటే నష్టపోయేది కూలీయే.

చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. మనవంతుగా గ్రామసభకు వెళదాం. పని కోరే పొరుగువారికి దరఖాస్తు రాసిపెట్టి, రసీదు ఇప్పిద్దాం. ఆ పొరుగువారు ఏ మతంవారైనా సరే, వారి ఆకలికి మనమూ అల్లాహ్ ముందు జవాబుదారులమే.