అశ్వహృదయము

బాహుకుడను మాఱుపేరుతోనున్న నలుడు ఋతుపర్ణ మహారాజును ఒక్క పగటిలో విదర్భకు చేర్చుటకై, చూపునకు బక్కగానున్న గుఱ్ఱములను ఏరి రథమునకు పూన్చెను. రాజు రథమెక్కగానే అవి మోకాళ్లపై కూలబడగా, కొరడా ఝళిపింపక, వానిని బుజ్జగించి లేపి, పిమ్మట వాయువేగమున తోలెను. ఆ విద్యకు అశ్వహృదయమని పేరు. నేటి అశ్వక్రీడలలో ఆ బుజ్జగింపునకు మాఱుగా గుఱ్ఱమును నెమ్మదింపజేయు సూదిమందు ప్రవేశించుట నాకు దుస్సహముగా నున్నది.

2004 ఏథెన్సు ఒలింపిక్సులో ఐర్లండు రౌతు కియాన్ ఓకానర్ వాటర్‌ఫర్డ్ క్రిస్టల్ అను గుఱ్ఱముపై అడ్డంకులు దాటు పోటీలో స్వర్ణపతకము గెలిచెను. కాని గుఱ్ఱమునుండి తీసిన నమూనాలో ఫ్లూఫెనజిన్, జుక్లోపెంథిక్సాల్ అను, మనుష్యుల చిత్తవికారములకు వాడెడి మందులు బయటపడగా, మఱుసటి యేడు అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య ఆ పతకమును తీసివేసినది. అది రెండవ స్థానమున నిలిచిన బ్రెజిలు రౌతు రోడ్రిగో పెసోవాకు దక్కినది. మోసగించు సంకల్పము ఓకానర్‌కు లేదని సమాఖ్యయే అంగీకరించినది. అయినను ఆ తీర్పు నాకు న్యాయ్యముగనే తోచుచున్నది. ఏలయన ఇచ్చినవాని ఉద్దేశమేదైనను, మందు నెత్తురులో నున్నంతవఱకు ఆ నెమ్మది గుఱ్ఱముది కాదు.

ఇంకొక మందు మన నేలకు చుట్టము. మన వైద్యులు ఉన్మాదమునకు తరతరములుగా వాడిన సర్పగంధ వేరునుండి 1952లో స్విట్జర్లండు రసాయనికులు వేఱుచేసిన రెసర్పిన్, మనుష్యుల రక్తపోటును తగ్గించి ఎందఱకో మేలు చేసినది; అదియే గుఱ్ఱమునకు ఎక్కించినచో దినములతరబడి విడువదు. అట్టి గుఱ్ఱమును దగ్గఱగా చూడుడు: ఱెప్పలు వాలియుండును, ఒడలు చెమర్చును, లద్దె పలుచనగును. ఫ్లూఫెనజిన్ వికటించినచో శాంతమునకు బదులు ఆవేశము పుట్టి, గుఱ్ఱము కొట్టములో గిరగిర తిరుగుచు తల గోడకు కొట్టుకొనును.

చెవి విదలించుట, తోక కొట్టుట, అడ్డంకిముందు ఆగిపోవుట, ఇవియే గుఱ్ఱము మాటలు. నడుము నొచ్చుచున్నదనియో, జీను ఒరసికొనుచున్నదనియో అది మొఱపెట్టుకొనుచుండగా ఆ నోరు మందుతో నొక్కివేయుట ద్రోహము. వినిపింపని ఆ నొప్పితోనే అది అడ్డంకికి ఎగిరి తూలినప్పుడు పైనున్న రౌతునకును ప్రాణాపాయము. స్నాయువు తెగి వారములతరబడి కదలకుండవలసిన గుఱ్ఱమునకు ఇచ్చు మందు చికిత్స. దానిని నేను కాదనను. ఆ గుఱ్ఱము ఉండవలసినది కొట్టములో, పోటీ బరిలో కాదు.

అడ్డంకులు దాటు అమెరికా హంటర్ పోటీలలో గుఱ్ఱపు నెమ్మదికిని మార్కులు కలవు. అందుచేత తెల్లవాఱుజామున పొడవాటి పగ్గము కట్టి అలసి సొలయువఱకు గుండ్రముగా త్రిప్పుటకంటె కొంచెము మందే దయగదా అని వాదించువారు కలరు. రెండును ఒక్క యాశకు పుట్టిన హింసలే. అచ్చటి సమాఖ్య 2012లో గాబా అను నెమ్మదిమందును నిషేధించినది, మంచిదే. కాని మార్కులు వేయు పద్ధతి మాఱనిదే ఆ యాశ చావదు. అడ్డంకిని చూచి చెవులు నిక్కించి, ఒక్క క్షణము సంకోచించి, రౌతు మాట నమ్మి ఎగిరిన గుఱ్ఱమునకు, ఏమియు గమనింపకయే దాటిపోయిన గుఱ్ఱముకంటె ఎక్కువ మార్కులు వేయుడని న్యాయనిర్ణేతలను కోరుచున్నాను.