ఇంటి చదువు మంచిదే, మరి బడి చూసే ఆరోగ్యం ఎవరు చూస్తారు?



2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పిల్లల చదువు ఇంటికి వచ్చింది. బడులు తెరిచాక చాలామంది మళ్లీ పంపించారు. బాలాపూర్, మీర్‌పేట, ఎల్.బి.నగర్ వైపు కొందరు విశ్వాసుల ఇళ్లలో మాత్రం ఆ ఆలోచన పోలేదు. "మేట్రనమ్మా, చిన్నపిల్లకు ఇంట్లోనే వాక్యంతో, చెట్టూ చేమతో నేర్పించుకుంటే తప్పా?" అని అడుగుతారు. తప్పు కాదని నా అభిప్రాయం. అయితే ఒక షరతు ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లాండులో షార్లెట్ మేసన్ (1842–1923) అనే భక్తిగల ఉపాధ్యాయురాలు 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' అనే పుస్తకం వెలువరించారు. ఆరేళ్లు వచ్చేదాకా పాఠాల తొందర వద్దు, పిల్లలను రోజూ గంటల తరబడి ఆరుబయట ఉండనివ్వండి అన్నారు. పాఠం చిన్నదిగా ఉండాలి, విన్నది పిల్ల తన సొంత మాటల్లో తిరిగి చెప్పాలి, చూసిన పువ్వునూ పిట్టనూ నోటుబుక్కులో బొమ్మ గీసుకోవాలి. ఇంతే. మనకు వింతగా తోచనక్కరలేదు. సోమరిని చీమల దగ్గరికి వెళ్లమన్న సొలొమోనూ, ఆకాశపక్షులను చూడమన్న ప్రభువూ ఆరుబయటి పాఠమే చెప్పారు కదా.

దీనికి కొనవలసిన సామాను కూడా ఏమీ లేదు. బాలాపూర్ చుట్టూ గుట్టలున్నాయి, చెరువులున్నాయి. వనస్థలిపురం హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. వానాకాలం చివర తంగేడు పూస్తుంది, ఎండలు మొదలయ్యేసరికి వేపపూత వస్తుంది. సెల్‌ఫోనులో పువ్వు బొమ్మ చూపించడం దీనికి సాటి రాదు.

కళ్ల సంగతి చూడండి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల ఒకటో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. సగం బడుల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడపనిచ్చారు. మూడేళ్ల తరువాత ఆ పిల్లల్లో దూరపుచూపు మందగించినవారు నూటికి 30 మంది, మిగతా బడుల్లో సుమారు 40 మంది. ఖర్చు లేని ఈ మందు బడికి పంపే తల్లిదండ్రులు కూడా వాడుకోవచ్చు. సాయంత్రం ట్యూషనులో ఒక గంట తగ్గిస్తే చాలు.

ఇక షరతు సంగతి. బడి అంటే పలకా పుస్తకమే అనుకుంటాము. మా నర్సులకు బడి అంటే పిల్లలందరూ ఒకచోట దొరికే స్థలము. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర అక్కడే మింగిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లి కళ్లు, పళ్లు, చెవులు, గుండె, ఎదుగుదల చూస్తాయి. ఇంట్లో చదివే పిల్ల ఈ లెక్కల్లో ఉండదు. తల్లి వెతుక్కుని తీసుకువెళ్లకపోతే ఆ మాత్ర ఆమె దాకా రాదు.

పైగా ఆరుబయట ఆడే పిల్లకే ఆ మాత్ర ఎక్కువ అవసరము. కొంకిపురుగు మట్టిలో నుండి చెప్పుల్లేని కాలి చర్మం గుండానే లోపలికి పోయి రక్తం తాగుతుంది. పిల్ల పాలిపోతుంది, చదువు మీద ధ్యాస తగ్గుతుంది, మనమేమో బద్ధకం అనుకుంటాము. కాబట్టి కాళ్లకు చెప్పులు, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, సంవత్సరానికి రెండుసార్లు అంగన్‌వాడీకో హెల్త్ సెంటరుకో వెళ్లి మాత్ర. 5–6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టరు, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ సూది మరువకండి. కుక్క కరిస్తే ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపు గాని కారం గాని సున్నం గాని పెట్టకుండా ఆ రోజే టీకాకు రండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చనివారికి అందులో శిక్ష రాయలేదు. ఇంటి చదువు అనే మాటా లేదు. ఓపెన్ స్కూలులో పదో తరగతి పరీక్ష 14 ఏళ్లు నిండాకే. అప్పటివరకు చేతిలో సర్టిఫికెట్టు ఉండదని ముందే ఎరిగి మొదలుపెట్టండి.

మరొక సంగతి, కొంచెం కటువుగానే చెబుతాను. బడిలో టీచరు కొడితే అదే చట్టంలోని 17వ సెక్షను అడ్డం వస్తుంది. ఇంట్లో తల్లి కొడితే చూసేవారెవరు? సామెతల గ్రంథంలో బెత్తం ఉంది గదా అంటారు. 23వ కీర్తనలో కాపరి చేతిలోనూ కర్ర ఉంది, దానివల్ల గొఱ్ఱెకు కలిగేది ఆదరణ. లెక్క రాలేదని వాతలు పెట్టే ఇంటికంటే ఏ బడి అయినా నయమే.

అలాగే ఆడపిల్లను ఇంటి చదువు పేరుతో ఆపి, చంటివాణ్ణి ఎత్తుకోమనీ ఉల్లిపాయలు తరగమనీ అంటే అది చదువు కాదు, జీతం లేని పని. తండ్రులకు కూడా ఒక మాట: ఈ భారమంతా తల్లి మీద వేసి మీరు డ్యూటీకి వెళ్లిపోతే ఆరు నెలలకే ఆమె నీరసపడుతుంది. వారంలో రెండు సాయంత్రాలైనా పిల్లలను చెరువు గట్టుకు మీరే తీసుకువెళ్లండి. తోటి పిల్లల సావాసానికి సండేస్కూలు ఒక్కటే చాలదు, నాలుగు కుటుంబాలు కలిసి నేర్పించుకుంటే మేలు.

ఇప్పటికే ఇంట్లో చదివిస్తున్నవారు పిల్లల టీకా కార్డు తీసుకుని ఓపీకి రండి. ఎత్తు, బరువు, రక్తం, చూపు చూపించుకుని, తరువాతి సూది తేదీ కార్డు మీద రాయించుకుని వెళ్లండి.